ఫుడ్ ప్రాసెసర్‌లో బ్రెడ్ పిండి: మన ఎండల్లో నీళ్లు చల్లగా, తిప్పడం తక్కువగా

మీరు రాసింది ఏటంటే, మిక్సీతో పాటు వచ్చిన ఫుడ్ ప్రాసెసర్ జార్‌లో అరకేజీ మైదా వేసేరు, గోరువెచ్చని నీళ్లలో ఈస్ట్ కలిపి పోసేరు, చేత్తో అయితే పది నిమిషాలు పిసకాలి కదా అని మెషీన్ కూడా ఆపి ఆపి అంతసేపూ తిప్పేరు, పిండి చేతికి అంటుకుపోతోందని ఇంకో రెండు గుప్పెళ్ల మైదా చల్లేరు, కాల్చేక బ్రెడ్ పైన పగిలి, లోపల బిగుసుకుపోయి, మర్నాటికి పొడిపొడిగా రాలిపోయింది. ప్రాసెసర్‌తో బ్రెడ్ అవ్వదేమో, స్టాండ్ మిక్సర్ కొనీమంటారా అని అడిగేరు.

కొనక్కర్లేదమ్మా. నాది శ్రీకాకుళం, ఇంట్లోనే బ్రెడ్లు చేసి తెలిసినవాళ్లకి ఇస్తుంటాను, నా దగ్గర ఉన్నదీ అలాంటి ప్రాసెసర్ జారే, పెద్ద మెషీన్ ఏదీ లేదు. మీ బ్రెడ్ పాడయింది పిసకడం చాలక కాదు, ఎక్కువైపోయి, అదీ వేడిలో. ఇక్కడ చాలామంది మీకు "ఇంకాసేపు తిప్పండి" అని చెప్పేరు, అది మాత్రం చెయ్యకండి దయచేసి.

చేత్తో పిసికితే పది నిమిషాల్లో జరిగే పని ప్రాసెసర్ బ్లేడు 45 నుంచి 60 సెకన్లలో చేసీస్తాది. అంత జోరుగా తిరిగినప్పుడు రాపిడికి పిండి వేడెక్కుతాది, నిమిషంలోపే పది పదిహేను డిగ్రీలు పెరిగిపోవచ్చు. మీరు అంతసేపు తిప్పేరంటే, ఆపి ఆపి అయినా సరే, జార్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనే ఉంటాది. పిండి వేడెక్కితే మొదట జిగట వస్తాది, అది నీళ్లు ఎక్కువై వచ్చిన జిగట కాదు, కానీ చూడ్డానికి అలాగే ఉంటాది కాబట్టి అందరూ మైదా చల్లీస్తారు. చల్లిన మైదా అంతా తర్వాత బ్రెడ్‌లో గట్టిదనం కింద తేలుతాది. ఇంకోపక్క ఆ వేడికి ఈస్ట్ పరుగు మొదలెట్టీస్తాది, పొంగు బేగి వచ్చీసి బేగి పడిపోతాది, పులుపు వాసన కూడా వస్తాది. అంటే మీ బ్రెడ్ లోపల బిగుసుకుపోడానికీ, పొడిపొడిగా రాలడానికీ కారణం ఒక్కటే, పైన పగలడం సంగతి తర్వాత చెప్తాను.

అందుకని ముందు నీళ్ల సంగతి చూద్దాం, ఎందుకంటే బయటి దేశాలవాళ్లు రాసిన వంటల్లో "గోరువెచ్చని నీళ్లు" అని ఉంటాది, వాళ్లు అది వాళ్ల చలికి రాసుకున్నారు, మనం మే నెలలో అదే పాటిస్తే ఎలగ? బేకరీవాళ్లు వాడే లెక్క ఒకటుంది, చాలా సుళువు. కలపడం అయిపోయేసరికి పిండి 26 డిగ్రీల దగ్గర ఉండాలి అనుకోండి. 26ని మూడుతో గుణించండి, 78. అందులోంచి గదిలో వేడి, మైదా వేడి, మెషీన్ రాపిడి వల్ల పెరిగే వేడి తీసీయండి. మిగిలింది నీళ్లు ఉండాల్సిన వేడి. మెషీన్‌కి 15 వేసుకోండి, మీ జార్‌కి అది కొంచెం అటూఇటూ ఉంటాది. ఇప్పుడు వేసవిలో మధ్యాన్నం మన వంటింట్లో 34 ఉందనుకుందాం, డబ్బాలో మైదా కూడా 34. మొత్తం 83. 78లోంచి 83 పోతే సున్నాకి 5 డిగ్రీలు కింద! అంటే నీళ్లు కాదు, ఐసుకన్నా చల్లటిది ఏదో కావాలన్నమాట. అదే మైదాని ముందురోజు రాత్రి డబ్బాతో సహా ఫ్రిజ్‌లో పెట్టీసి, పొద్దుట తీస్తే 10 డిగ్రీల దగ్గర ఉంటాది, అప్పుడు 34, 10, 15 కలిపితే 59, నీళ్లు 19 డిగ్రీలుంటే చాలు. ఫ్రిజ్ నీళ్లలో కాసిన్ని కుండ నీళ్లు కలిపితే అయిపోయింది. ధనుర్మాసంలో పొద్దున్నే వంటిల్లు 22 ఉంటే, మైదా 22, మెషీన్ 15, అప్పుడూ 59 అవుతాది, నీళ్లు మళ్లీ 19 దగ్గరే. అంటే చలికాలంలో కూడా ప్రాసెసర్‌కి గోరువెచ్చని నీళ్లు అవసరం పడవు, మామూలు కుళాయి నీళ్లు చాలు.

వంటింటి థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, సూదిలా గుచ్చేది, ఖరీదైంది అక్కర్లేదు. బ్రెడ్ చేసేవాళ్లకి తూనిక తర్వాత అదే ముఖ్యం.

ఈస్ట్ రెండు రకాలుంటాది కదా. ఇన్‌స్టంట్ అని రాసుంటే దాన్ని నేరుగా పొడి మైదాలో కలిపీయొచ్చు, కరిగించక్కర్లేదు, కానీ చన్నీళ్లలో నేరుగా వెయ్యకండి, ఐసు నీళ్లు తగిలితే దాని సత్తువ పోతాది. యాక్టివ్ డ్రై అని రాసుంటే, రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లలో చిటికెడు పంచదారతో పది నిమిషాలు ఉంచి, నురగ వచ్చేక వాడండి, మిగతా నీళ్లు మాత్రం చల్లవే పొయ్యండి. నురగ రాకపోతే ఆ ఈస్ట్ పని అయిపోయినట్టే, పారేయండి. మన వైపు సముద్రం గాలికి, చెమ్మకి, పేకెట్ విప్పి రబ్బరు బేండు వేసి అల్మారాలో పెడితే ఈస్ట్ ఎక్కువ రోజులు ఆగదు. గాలి దూరని చిన్న సీసాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఉప్పు తగిలితే ఈస్ట్ చచ్చిపోతాది అని భయపెడతారు గానీ, పొడి పిండిలో రెండూ కలిపి వెంటనే నీళ్లు పోస్తే ఏం కాదు.

మైదా గురించి ఒక మాట. పేకెట్ వెనక వంద గ్రాములకి ప్రోటీన్ ఎంత అని ఉంటాది, చూసి కొనండి. 11 ఉంటే మంచిది, 9 ఉంటే అది కేకులకి బాగుంటాది గానీ బ్రెడ్‌కి నీరసం. విడి మైదా కొంటే అదేదీ తెలీదు. నీరసమైన మైదా మాత్రమే దొరికితే 300 గ్రాములకి ఒక పెద్ద చెంచా గ్లూటెన్ (పిండికి సాగే గుణం ఇచ్చే ప్రోటీన్) పౌడర్ కలపొచ్చు, ఆన్‌లైన్లో దొరుకుతాది. ఇక మర పట్టించిన గోధుమపిండి. తిరగలి రాళ్ల మధ్య నలిగి దాని స్టార్చ్ చాలా దెబ్బతింటాది, అందుకే నీళ్లు ఎక్కువ పీల్చుకుంటాది. చపాతీ మెత్తగా రావడానికి అది మంచిదే, బ్రెడ్‌కి కాదు. పూర్తిగా ఆ పిండితోనే చేస్తే బరువుగా వస్తాది, అందులో మీ తప్పేం ఉండదు. రెండొంతులు మైదా, ఒక వంతు గోధుమపిండి పెట్టుకుంటే రుచీ ఉంటాది, పొంగూ ఉంటాది.

కొలత ఇదీ, 8 అంగుళాల పొడుగు 4 అంగుళాల వెడల్పు ఉన్న టిన్నుకి: మైదా 300 గ్రాములు, నీళ్లు 185 నుంచి 190 గ్రాములు, పంచదార 15, ఉప్పు 6, ఇన్‌స్టంట్ ఈస్ట్ 3 గ్రాములు అంటే ఒక చిన్న చెంచా తలకొట్టి, పాలపొడి 10, వెన్న గానీ నూనె గానీ 15. వేసవిలో ఈస్ట్ సగం చేసీయండి, ఒకటిన్నర గ్రాము చాలు. నీళ్లు కూడా గ్రాముల్లోనే తూయండి, గ్లాసులు కప్పులు వద్దు. మైదా వంద గ్రాములు తగ్గించి దాని బదులు గోధుమపిండి కలిపితే నీళ్లు ఇంకో 10, 15 గ్రాములు పెంచుకోండి.

300 గ్రాములు అన్నానని తక్కువ అనుకోకండి. మీరు అరకేజీ వేసేరు, అది ఆ జార్‌కి బరువు. కంపెనీవాళ్లు అరకేజీ చపాతీ పిండి కలుస్తాది అని చెప్తే చెప్పొచ్చు గానీ, బ్రెడ్ పిండి సాగుతాది, మోటర్‌ని పట్టి లాగుతాది. రెండు బ్రెడ్లు కావాలంటే రెండు వాయిలు కలపండి, మధ్యలో మోటర్‌కి పదిహేను నిమిషాలు ఊపిరి పీల్చుకోనివ్వండి. ఎప్పుడైనా మధ్యలో మెషీన్ ఠక్కున ఆగిపోతే కంగారు పడకండి, చాలా మిక్సీలకి అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటాది, లోడు ఎక్కువైతే అదే తెంచీస్తాది. ప్లగ్ తీసీసి, కాసేపు చల్లారనిచ్చి, జార్‌లోంచి సగం పిండి తీసి, బటన్ నొక్కి మళ్లీ వెయ్యండి. వెంటవెంటనే నొక్కి తిప్పితే కాలిపోయిన వైరు వాసన వస్తాది, ఆ తర్వాత మెకానిక్ దగ్గరకే.

ఇప్పుడు తిప్పడం. పిండి కలిపే బ్లేడు, మొద్దుగా ఉంటాది చూడండి, అది పెట్టండి. అది లేకపోతే మామూలు స్టీలు బ్లేడు కూడా పనిచేస్తాది, బాగానే పనిచేస్తాది. మధ్యలో ఉన్న ఇరుసుకి ఒక చుక్క నూనె రాయండి, లేకపోతే పిండి బ్లేడు లోపలికి ఎక్కి గట్టిపడి, కడగడానికి టూత్‌బ్రష్ పట్టుకు కూర్చోవాల. ముందు పొడి సామానంతా వేసి, ఉప్పూ వెన్నా తప్ప, ఒక్కసారి గిర్రున తిప్పి కలపండి. తర్వాత మెషీన్ నడుస్తుండగానే పైన గొట్టంలోంచి నీళ్లు సన్నటి ధారగా పొయ్యండి, గబుక్కున కుమ్మరించకండి, మైదా పీల్చుకునే కొద్దీ పొయ్యాల. చివరి పది గ్రాములు చేతిలో ఉంచుకోండి. ఇరవై సెకన్లలో పొడి కనిపించకుండా పోతాది, అంతే, ఆపీయండి. ముద్దగా కూడా అవ్వక్కర్లేదు.

ఇప్పుడు జార్ మూత పెట్టి ఇరవై నిమిషాలు ఒగ్గీయండి. దీన్ని చాలామంది దాటేస్తారు గానీ, ప్రాసెసర్‌తో చేసేవాళ్లకి ఇదే ప్రాణం. మీరు ఏం చెయ్యకపోయినా నీళ్లు మైదాలోకి ఇంకి గ్లూటెన్ దానంతట అదే అల్లుకుంటాది, పైగా ఈలోపు పిండి చల్లారుతాది, మోటరూ చల్లారుతాది. వేసవిలో అయితే ఆ జార్‌ని ఫ్రిజ్‌లోనే పెట్టీయండి.

ఆ తర్వాత ఉప్పు, వెన్న వేసి 30 నుంచి 40 సెకన్లు, పది పది సెకన్ల చొప్పున. ఇక్కడ చెవి పెట్టి వినండి. మొదట చిందరవందరగా కొట్టుకున్న చప్పుడు, తర్వాత పిండంతా ఒక ముద్దయి గోడలకి తడుతూ చుట్టూ తిరుగుతాది, టప్ టప్ టప్ అని ఒకే తాళంలో వస్తాది. అది వచ్చేక ఇంకో పది సెకన్లు, అంతే. మెషీన్ గట్టు మీద ఎగిరి జరిగిపోతోంది అంటే పిండి గట్టిగా ఉంది, దాచిన నీళ్లు చెంచాడు పొయ్యండి. చప్పుడు మెత్తబడిపోయి పిండి గోడలకి హల్వాలాగ పూసుకుపోతోంది అంటే రెండింట్లో ఒకటి, నీళ్లు ఎక్కువైనా అయ్యుండాల, వేడైనా ఎక్కి ఉండాల. థర్మామీటర్ గుచ్చి చూడండి. 28 దాటితే మైదా చల్లకండి, జార్ తీసి పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి, దానంతట అదే గట్టిపడుతాది. 25, 26లోనే ఉండీ పూసుకుపోతోందంటే అప్పుడు చెంచాడు మైదా.

బయటికి తీసి గట్టు మీద చేత్తో ఓ నాలుగు మడతలు వేసి గుండ్రంగా చెయ్యండి. చిన్న ముక్క తుంపి నెమ్మదిగా సాగదీస్తే, చిరగకుండా, వెనకనున్న వేలు మసగ్గా కనిపించేంత పల్చగా రావాల. ఇంకా చిరుగుతోంది అంటే మళ్లీ మెషీన్లో వెయ్యకండి, నూనె రాసిన గిన్నెలో పెట్టి, మూత పెట్టి, పావుగంటకోసారి రెండుసార్లు నాలుగువైపులా లాగి మడవండి. మడతలతోనే సరిపోతాది.

పొంగడానికి ఎంతసేపు అంటే గడియారం చెప్పదు. పిండి రెండింతలు అవ్వాల, అంతే. మే నెలలో సగం ఈస్ట్‌తో కూడా గంటలో అయిపోవచ్చు, డిసెంబరులో గంటన్నర రెండు గంటలు పట్టొచ్చు. వేలికి పిండి అద్దుకుని గుచ్చితే గుంట నెమ్మదిగా సగం పూడాల. వెంటనే పూడిపోతే ఇంకా టైముంది, అసలు పూడకపోతే దాటిపోయింది. కరెంటు పోయేట్టు ఉంటే, మన జిల్లాల్లో గాలివాన పట్టిందంటే ఎప్పుడు పోతాదో ఎప్పుడొస్తాదో ఎవరికీ తెలీదు కదా, తిత్లీ తుఫాను 2018 అక్టోబరులో వచ్చినప్పుడు ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి, అలాంటప్పుడు అసలు పిండి కలపకండి. మామూలు గంటా రెండు గంటల కోతైతే గిన్నెని ఫ్రిజ్‌లో పెట్టి తలుపు తియ్యకుండా ఉంచితే చాలు, పిండి ఆగుతాది. ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న పిండి రుచి ఇంకా బాగుంటాది కూడా, మా ఇంట్లో వేసవంతా అలగే చేస్తాను.

చుట్టడంలో ఎక్కువమంది నిర్లక్ష్యం చేస్తారు. పొంగిన పిండిని చేత్తో నొక్కి గాలి తీసి, టిన్ను పొడవంత వెడల్పున నలుచదరంగా పరిచి, ఒక అంచు నుంచి చాప చుట్టినట్టు వదులుగా కాకుండా బిగుతుగా, ప్రతి చుట్టుకీ బొటనవేళ్లతో లోపలికి నొక్కుతూ చుట్టాల. చివర అతుకు గిల్లి మూసి, అతుకు కిందకి వచ్చేట్టు టిన్నులో పెట్టండి. మీ బ్రెడ్ పైన పగిలింది అన్నారు కదా, అది రెండు కారణాల వల్ల జరుగుతాది, అతుకు పైకి ఉండటం, లేదా రెండో పొంగు చాలకుండా ఓవెన్లో పెట్టీడం. పిండి టిన్ను అంచుకి ఒక వేలు మందం పైకి వచ్చేదాకా ఆగండి.

ఓటీజీ, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్ అయితే, కింద రాక్‌లో పెట్టండి, మధ్యలో పెడితే పైన రాడ్‌కి దగ్గరై నల్లబడుతాది. పైనా కిందా రెండు రాడ్లూ వెయ్యాల, 200కి పెట్టి పదిహేను నిమిషాలు ముందే వేడి చేసి, బ్రెడ్ పెట్టేక 180కి దించి 30 నుంచి 35 నిమిషాలు. పై రంగు ఇరవై నిమిషాలకే వచ్చీస్తే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి. ఓటీజీల మీద రాసున్న నెంబరు నమ్మకండి, చాలావాటికి ఇరవై ముప్ఫై డిగ్రీల తేడా ఉంటాది. అయిందో లేదో చూడాలంటే థర్మామీటర్ మధ్యలోకి గుచ్చితే 93 నుంచి 96 చూపించాల. థర్మామీటర్ లేకపోతే టిన్నులోంచి తీసి అడుగున వేళ్లతో తట్టండి, డొల్లగా మోగాల.

తీసిన వెంటనే టిన్నులోంచి బయటికి తియ్యండి, జాలీ మీద పెట్టండి, లేదంటే అడుగు చెమర్చి మెత్తబడిపోతాది. వేడివేడిగా కొయ్యకండి. పిల్లలు గోల పెడతారు, మా ఆయన కూడా పిల్లలకన్నా ఎక్కువ గోల పెడతారు, అయినా గంటకి పైనే ఆగాల. లోపల స్టార్చ్ ఇంకా కుదురుకోలేదు, అప్పుడే కోస్తే ముద్దముద్దగా కత్తికి అంటుకుంటాది, "ఉడకలేదు" అని మళ్లీ ఓవెన్లో పెట్టి ఎండబెట్టీస్తారు.

నిల్వ గురించి. ఫ్రిజ్‌లో పెడితే బ్రెడ్ బయటకన్నా బేగి బిగుసుకుంటాది, ఆ చల్లదనంలోనే స్టార్చ్ గట్టిపడటం ఎక్కువ. రెండు రోజుల్లో తినీసేది బయట ఉంచండి, మిగతాది ముక్కలు కోసి ఫ్రీజర్‌లో, తీసి నేరుగా పెనం మీద కాల్చుకోవచ్చు. బూజు సంగతి అందరికీ తెలుసు, ఇంకోటుంది, మన వేసవిలో, ఉక్కలో వచ్చేది. పైకి బ్రెడ్ బాగానే కనిపిస్తాది, తుంపితే లోపల తీగలు సాగుతాది, మగ్గిపోయిన పండు వాసన వస్తాది. మైదాలోనే ఉండే ఒక బేక్టీరియా, దాని గింజలు (స్పోర్లు అంటారు, కంటికి కనపడవు) ఓవెన్ వేడికి చావవు, తర్వాత వెచ్చగా, చెమ్మగా ఉంటే పెరుగుతాయి. అలాంటిది తినకండి, పశువులకీ పెట్టకండి, పారేసి డబ్బా, కత్తి, గట్టు వెనిగర్ నీళ్లతో తుడవండి. ఏప్రిల్ నుంచి వానలు తగ్గేదాకా పిండిలో ఒక చిన్న చెంచా వెనిగర్ కలపండి, రుచి తెలీదు, ఇది రాకుండా ఆపుతాది. బేకరీవాళ్లు కాల్షియం ప్రొపియొనేట్ వేసేది ఇలాంటివాటికే.

బేకరీ బ్రెడ్ అంత తేలిగ్గా మనది ఎందుకు రాదు అని ఎవరో కింద అడిగేరు. వాళ్లు వేసే ఇంప్రూవర్లు, అంటే బ్రెడ్ తేలిగ్గా పొంగడానికి కలిపే మందులు, మనం వెయ్యం కాబట్టి. ఒకప్పుడు పొటాషియం బ్రోమేట్ కూడా వేసేవారు, 2016లో మన ఆహార భద్రతా సంస్థ దాన్ని నిషేధించింది. ఇంటి బ్రెడ్ కొంచెం బరువుగా ఉంటాది, ఉండనివ్వండి, ఒక ముక్కకే కడుపు నిండుతాది.

కుదిరేక చోడి పిండి, అంటే రాగి పిండి, వేసి కూడా చెయ్యండి. మైదా 250, చోడి పిండి 50, అంతకన్నా ఎక్కువ వద్దు, చోళ్లలో గ్లూటెన్ ఉండదు కాబట్టి పొంగు పడిపోతాది. చోడి పిండిని ముందే నీళ్లలో కాసింత ఉడికించి అంబలిలాగ చేసి, పూర్తిగా చల్లార్చి కలిపితే బ్రెడ్ ఇంకా మెత్తగా ఉంటాది, ఆ నీళ్లు మొత్తం నీళ్ల లెక్కలోంచి తీసీయాల. పలాస జీడిపప్పు వెయ్యాలనుకుంటే మెషీన్లో వెయ్యకండి, బ్లేడు గుండ చేసీస్తాది, చుట్టేటప్పుడు చల్లుకోండి.

స్టాండ్ మిక్సర్ సంగతి. వారానికి ఒకటో రెండో బ్రెడ్లు చేసేవాళ్లకి అది దండగ. రోజూ నాలుగైదు చేసి అమ్మాలనుకుంటే అప్పుడు ఆలోచించండి, అప్పుడు కూడా నీళ్ల లెక్క ఇదే, మెషీన్ వేడి మాత్రం తక్కువ వేసుకోవాల.

ఈసారి చేసినప్పుడు తిప్పడం ఆపిన వెంటనే పిండి ఎన్ని డిగ్రీలుందో, మీ మైదా పేకెట్ మీద ప్రోటీన్ ఎంత రాసుందో ఈ రెండూ ఇక్కడ పెట్టండి, నీళ్లు ఎంత పెంచాలో తగ్గించాలో చెప్తాను. వీలైతే కోసిన ముక్క ఫొటో కూడా పెట్టండి, పైనుంచి తీసిన బ్రెడ్ ఫొటో కాదు, లోపల చిల్లులు కనిపించాల.